హార్మోన్లు, గర్భసంచి, మన సంఘం అప్పు

(జిల్లా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం నాయకురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు మా కంటే ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. ఆరోగ్యం అంటే చాలా పెద్ద మాట. పది నిమిషాల్లో అన్నీ చెప్పలేం. అందుకని ఒక్క విషయమే తీసుకున్నాం. మన ఒంట్లో హార్మోన్లు ఎలా పనిచేస్తాయి, అవి తెలియకపోతే మనకు ఏం నష్టం అన్నది.

ఇది పుస్తకాల విషయం కదా, సంఘానికి ఏం సంబంధం అని మీరు అనుకోవచ్చు. సంబంధం మన అప్పుల పుస్తకంలోనే ఉంది. అప్పు దేనికోసం అని రాసే గడి చూడండి. గేదె, కుట్టు మిషను, కౌలు, పిల్లల ఫీజు, వాటి మధ్యలో ఆపరేషన్ అని ఉంటుంది. ఏ ఆపరేషన్ అక్కా అంటే, గర్భసంచి అంటారు. వయసు ఎంత అంటే ముప్పై రెండు, ముప్పై అయిదు అంటారు.

ఇది మన ఊళ్ల సంగతి మాత్రమే కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ లెక్క తీశారు. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి. అంటే దేశం కంటే మూడు రెట్లు ఎక్కువ. దేశంలో ఈ ఆపరేషన్లు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మళ్లీ 2019-21లో సర్వే చేస్తే మన రాష్ట్రంలో పరిస్థితి పెద్దగా మారలేదు. మన ఆడవాళ్ల గర్భసంచులే మూడు రెట్లు ఎక్కువగా పాడవుతాయా? అలా ఉండదు కదా. మరి ఎందుకు తీయించుకుంటున్నాం? ఒంట్లో ఏది ఎందుకు ఉందో మనకు ఎవరూ చెప్పలేదు, అదీ ఒక కారణం. అందుకే ఈరోజు మొదటి నుంచి చెప్పుకుందాం.

హార్మోన్ అంటే ఏంటి?

మనలో చాలామంది గేదెలున్నవాళ్లమే. దూడను వదలకుండా పాలు తీయాలని కూర్చుంటే గేదె చేపదు. పొదుగులో పాలు ఉంటాయి, బయటికి రావు. దూడ వచ్చి నాలుగుసార్లు పొడిస్తే అప్పుడు చేపుతుంది. బాలింతకూ అంతే. పక్క గదిలో బిడ్డ ఏడిస్తే తల్లి జాకెట్టు తడిసిపోతుంది. బిడ్డ నోరు పెట్టకముందే పాలు ఎలా వచ్చాయి? చెవిన పడిన ఏడుపు మెదడుకు చేరింది. మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుంచి ఒక రసం రక్తంలో కలిసింది. అది రొమ్ముదాకా వెళ్లి పాలు వదలమని చెప్పింది. ఆ రసం పేరు ఆక్సిటోసిన్. కొంతమంది గేదెలకు చేపు రావడానికి దొంగచాటుగా వేసే ఇంజెక్షన్ కూడా ఇదే. కాన్పులో నొప్పులు వచ్చేదీ, కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని రక్తం ఆగేదీ కూడా దీనివల్లే.

హార్మోన్ అంటే ఇదే. ఒకచోట పుట్టి, రక్తంలో కలిసి, ఇంకోచోట పని చేయించే కబురు. 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో పురికొల్పడం అనే అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నాడు.

మనలో పదో తరగతి వరకు చదివినవాళ్లకు జీవశాస్త్రంలో వినాళ గ్రంథులు అనే పాఠం గుర్తుండే ఉంటుంది. నాళం అంటే గొట్టం. కన్నీటికి, లాలాజలానికి గొట్టాలున్నాయి. ఈ గ్రంథులకు గొట్టం లేదు, తయారైన రసం నేరుగా రక్తంలోకే పోతుంది. అందుకే వినాళ గ్రంథులు అన్నారు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ ఉంది. మెడలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్, దాని వెనకే నాలుగు పారాథైరాయిడ్ గింజలు ఉన్నాయి. పొట్టలో క్లోమం, మూత్రపిండాల మీద టోపీలా అడ్రినల్ గ్రంథులు ఉన్నాయి. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు. ఎదుగుదల, ఆకలి, నిద్ర, బరువు, నెలసరి, కాన్పు, ఎముకల గట్టిదనం, ఇవన్నీ వీటి చేతుల్లోనే ఉన్నాయి.

ఇది మన కాలువల లెక్కే

ఈ ఏర్పాటు మన డెల్టా ఆడవాళ్లకు అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలితే బందరు కాలువ, రైవస్ కాలువ, కేఈబీ కాలువల్లో పారి మన పొలాలకు వస్తాయి. కాలువలో నీళ్లు అందరి పొలాల పక్కనుంచీ పోతాయి. కానీ ఏ పొలానికి తూము తీసి ఉంటే ఆ పొలానికే ఎక్కుతాయి. హార్మోనూ అంతే. రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. దాని తూము ఉన్న అవయవమే దాన్ని అందుకుంటుంది. ఆక్సిటోసిన్ కాళ్లలోకీ వెళ్తుంది, కాని దాని తూములు రొమ్ములోనూ గర్భసంచిలోనూ ఎక్కువ.

ఇంకో సంగతి. శివారు చేలకు నీళ్లు అందాయని కబురు వస్తే పైన షట్టర్లు దించుతారు. అందలేదంటే ఇంకాస్త ఎత్తుతారు. ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. రక్తంలో థైరాయిడ్ రసం తగ్గిందని తెలియగానే పిట్యూటరీ ఇంకా చెయ్యి అని టీఎస్‌హెచ్ అనే కబురు ఎక్కువగా పంపుతుంది. సరిపోతే తగ్గిస్తుంది. అందుకే థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగింది అంటే మెడలో గ్రంథి సరిగా పనిచేయడం లేదు, పైనుంచి అరిచి చెప్పాల్సి వస్తోంది అని అర్థం. రిపోర్టులో అంకె పెరిగితే గ్రంథి పని తగ్గిందేంటి అని చాలామంది తికమకపడతారు. సంగతి ఇదీ.

ఇక్కడే మేము చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. నాగాయలంక శివారు చేనికి నీళ్లు రాకపోతే మనం ఏం చేస్తాం? చేను పనికిరాదని తవ్వి పారేయం కదా. బోదె పూడిందేమో చూస్తాం, తూము చూస్తాం, పైన లాకు దగ్గరికి వెళ్లి లస్కరును అడుగుతాం. నెలసరి సరిగా రాకపోయినా, ఎక్కువైనా కూడా అలాగే చూడాలి. తేడా గర్భసంచిలోనే ఉండక్కర్లేదు. పైనుంచి వచ్చే కబురులో ఉండొచ్చు. పై కబురు చూడకుండా సంచి తీసేస్తే జబ్బు ఉన్నచోటే ఉంటుంది.

నిమిషంలో పనిచేసేవి, ఏళ్లపాటు పనిచేసేవి

కొన్ని హార్మోన్లు క్షణంలో పనిచేస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమ పెద్దవాళ్లు చెప్పగా మనందరం విన్నాం. చెట్లను పట్టుకుని రాత్రంతా వేలాడి బతికినవాళ్లు ఉన్నారు. అంత బలం ఎక్కడిది అంటే, భయం పుట్టగానే అడ్రినల్ గ్రంథి నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను వదులుతుంది, రక్తం కండల్లోకి పోతుంది. ప్రాణం దక్కించుకోవడానికి ఒళ్లు చేసే ఏర్పాటు అది.

అదే గ్రంథి నుంచి కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. కష్టం రోజుల తరబడి ఉంటే ఇది పెరిగి ఉంటుంది. వడ్డీవాడి బెదిరింపు, తాగొచ్చే మొగుడు, తెల్లారితే వాయిదా, ఇలాంటి దిగులు నెలల తరబడి ఉంటే నిద్ర పాడవుతుంది, షుగరు పెరుగుతుంది, నెలసరి కూడా అటూ ఇటూ అవుతుంది. మనసులో దిగులు ఒంట్లోకి దిగుతుంది అని పెద్దవాళ్లు అనేది వట్టి మాట కాదు.

మెడలో గ్రంథి, వంటింట్లో ఉప్పు

థైరాయిడ్ రసం ఒంట్లో పొయ్యి మంట లాంటిది. మంట తగ్గితే బద్ధకం, బరువు, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బడం. మంట ఎక్కువైతే బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం, చెమటలు. రెండిట్లోనూ నెలసరి తేడా వస్తుంది. ముఖ్యంగా మంట తగ్గినప్పుడు కొందరికి రక్తస్రావం చాలా ఎక్కువవుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఈ రసం తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, కడుపుతో ఉన్నవాళ్లకు 250. ఆవగింజలో చాలా చిన్న వంతు. అదీ దొరక్కపోతే మెడలో గ్రంథి ఉబ్బి గాయిటర్ వస్తుంది. కడుపులో బిడ్డకు అందకపోతే మెదడు ఎదగదు.

ఈ విషయంలో మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు. విశాఖలో వైద్యం చదివారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. అక్కడ మనిషి మనిషికీ మెడలో గడ్డలు. కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్ని ఊళ్లకు మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గడ్డలు బాగా తగ్గాయి. 1962లో దేశం మొత్తానికి గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. తర్వాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ అయ్యారు. మనం కూరలో వేసుకునే అయోడిన్ ఉప్పు వెనక ఒక తెలుగాయన కష్టం ఉంది.

మనకు సముద్రం పక్కనే ఉంది, బందరు తీరాన ఉప్పు పండుతుంది, మనకెందుకు ప్యాకెట్ ఉప్పు అని కొందరు అంటారు. కళ్లుప్పులో అయోడిన్ ఉండేది చాలా తక్కువ. సముద్రపుటుప్పు అయినా సరే, అయోడిన్ కలిపితేనే పని. ఊరగాయకు కళ్లుప్పు వాడుకున్నా రోజువారీ కూరకు అయోడిన్ ఉప్పు వాడండి. ప్యాకెట్ విప్పాక మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. పొయ్యి పక్కన, తేమలో పెడితే అయోడిన్ పోతుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు రెండు మాటలు. పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట, కుదిరితే గంట దాకా టీ కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలు దాంతో కలిపి వేయకండి, నాలుగు గంటలు ఎడం ఉండాలి. కడుపుతో ఉన్నామని తెలియగానే డాక్టరుకు చెప్పి డోసు చూపించుకోవాలి. మంచిగా ఉంది కదా అని మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

షుగరు, పీసీఓడీ

క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ తూము తెరిచే చెయ్యి లాంటిది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ తూము తీస్తేనే అది కండల్లోకి వెళ్తుంది. కొందరు పిల్లలకు ఇన్సులిన్ అసలే తయారవదు. 1922 జనవరి దాకా అలాంటి పిల్లలు బతికేవాళ్లు కాదు. ఆ నెలలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ పిల్లవాడు బతికాడు. కాబట్టి చిన్నపిల్లలకు షుగరు వస్తే డాక్టరు ఇంజెక్షన్ అన్నప్పుడు భయపడి నాటుమందుకు మారకండి. ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు.

పెద్దవాళ్లకు వచ్చే షుగరు వేరు. ఇన్సులిన్ ఉంటుంది, తూము తుప్పు పట్టి తెరుచుకోదు. మూడుపూటలా గిన్నెడు అన్నం, ఒంటి చాకిరీ తగ్గడం, నడుం చుట్టూ కొవ్వు, ఇవి ఆ తుప్పు పెంచుతాయి. పరగడుపు పరీక్షలో 126 గానీ అంతకు మించి గానీ వస్తే షుగరు ఉన్నట్టే, ఇంకోసారి చేయించి నిర్ధారణ చేసుకోవాలి.

ఆడపిల్లల్లో ఈ తుప్పే ఇంకో దారి పడుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా తిరగడంతో అండాశయాల్లో మగ హార్మోన్లు పెరుగుతాయి. గుడ్డు నెలనెలా విడుదల కాదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు. దీన్నే పీసీఓడీ అంటున్నారు. స్కానింగులో నీటి బుడగలు అని రాస్తే క్యాన్సర్ గడ్డలనుకుని తల్లులు ఏడుస్తున్నారు. అవి గడ్డలు కావు, ఎదగకుండా ఆగిపోయిన గుడ్లు. బరువు కొంచెం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది అనే మాట నమ్మకండి. పిల్లను డాక్టరుకు చూపించండి.

నెలసరి ఎలా వస్తుంది?

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. నెలసరి గర్భసంచి తనంతట తాను చేసే పని కాదు. నాలుగు కబుర్లు వరసగా వస్తేనే నెల తిరుగుతుంది. పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ పంపుతుంది, అండాశయంలో గుడ్డు ఎదుగుతుంది. ఎదిగే గుడ్డు చుట్టూ ఈస్ట్రోజన్ తయారై గర్భసంచి లోపల పొర పెంచుతుంది, నారుమడి దుక్కి చేసినట్టు. పిట్యూటరీ ఎల్‌హెచ్ పంపగానే గుడ్డు విడుదలవుతుంది. అప్పుడు ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పొరను నిలబెడుతుంది. కడుపు రాకపోతే ఈ రెండు హార్మోన్లూ పడిపోతాయి. పొర రాలిపోతుంది. అదే నెలసరి.

గుడ్డు విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ రాదు. పొర పెరుగుతూ పెరుగుతూ ఒకేసారి ఎక్కువ రోజులు రాలుతుంది. వయసొచ్చిన కొత్తలో, 40 దాటాక, థైరాయిడ్ తగ్గినప్పుడు, పీసీఓడీలో ఇదే జరుగుతుంది. అంటే ఎక్కువ బట్ట కావడానికి కారణం చాలాసార్లు కబురులో ఉంటుంది, సంచిలో కాదు.

పెళ్లికో వ్రతానికో తిరుపతికో నెలసరి వాయిదా వేయడానికి మెడికల్ షాపులో మాత్రలు కొంటాం. అవీ హార్మోన్లే. ఎప్పుడో ఒకసారి డాక్టరును అడిగి వేసుకోవడం వేరు, ప్రతి పండక్కీ వేసుకోవడం వేరు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన జబ్బు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు అడక్కుండా ముట్టుకోకూడదు.

ఈస్ట్రోజన్ పని నెలసరితో అయిపోదు. అది ఎముకలను కాపాడుతుంది, గుండె రక్తనాళాలను కాపాడుతుంది, నిద్రను, మనసును చూసుకుంటుంది. మన దేశంలో చాలామందికి 45 దాటాక ముట్లు ఆగుతాయి. అప్పటిదాకా అండాశయాలు ఈ పని చేస్తూనే ఉంటాయి. పిల్లలు పుట్టేశారు, ఇంక వాటితో పనేంటి అనే మాట మన ఊళ్లలో అందరి నోటా ఉంది. గర్భసంచి పిల్లల కోసమే ఉందేమో, అండాశయాలు మాత్రం మన కోసం ఉన్నాయి.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

మా సంఘంలో ఒక చెల్లి సంగతి చెప్తాం, పేరొద్దు. ముప్పై రెండేళ్లు. తెల్లబట్ట, నడుం నొప్పి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే స్కానింగు తీసి, సంచి వాచింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నారు. భయపడింది. సంఘంలో కొంత, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి కొంత తెచ్చి చేయించుకుంది. అండాశయాలు కూడా తీశారని ఆమెకు తర్వాత కాగితం చదివిస్తేనే తెలిసింది. ఆర్నెల్లకు ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేదు, కీళ్ల నొప్పులు. నడుం నొప్పి పోలేదు. నాట్లకు వంగలేకపోతోంది. కూలి పోయింది, వాయిదా మాత్రం ఆగలేదు.

నిజం ఏంటంటే, మామూలు తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. వాసన, దురద ఉంటే అది ఇన్ఫెక్షన్, మాత్రలతో తగ్గుతుంది, భర్తకు కూడా మందు వాడాల్సి రావచ్చు. కాని రక్తం కలిసిన తెల్లబట్ట, భార్యాభర్తలు కలిశాక రక్తం పడటం, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనపడటం, ఈ మూడూ ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. పరీక్ష చేయించుకోండి. 30 దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష, రొమ్ము పరీక్ష ప్రభుత్వం తరఫున చేస్తారు. ఏఎన్ఎం గారిని అడగండి.

ఈ ఆపరేషన్ అసలే వద్దని మేము చెప్పడం లేదు. క్యాన్సర్ ఉంటే తీయాల్సిందే. పెద్ద గడ్డలుండి మందులకు రక్తం ఆగకపోతే, సంచి బాగా కిందికి జారిపోతే, ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, బతుకు బాగుచేస్తుంది. అవసరమైనవాళ్లకు ఆపరేషన్ ఆపితే అదీ తప్పే. మిగతావాళ్లకు ముందు వేరే దారులున్నాయి. థైరాయిడ్ మాత్ర, రక్తస్రావం తగ్గించే మాత్రలు, ప్రొజెస్టిరాన్ మాత్రలు, హార్మోన్ ఉన్న లూపు, ఒక్క గడ్డ వరకే తీయడం. ఇవి ముందు చూడాలి. సంచి తీసేది చివరికి.

అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీసినా కొందరికి అండాశయాలు మామూలు కంటే ముందే అలిసిపోతాయి. రెండూ తీసేస్తే ఒక్క రాత్రిలో ముట్లు ఆగిన ముసలావిడ ఒళ్లవుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.

ఈ విషయం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద ఆడవాళ్లకు అనవసరంగా గర్భసంచులు తీశారని 2013లో ఒక డాక్టరు గారే కేసు వేశారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఈ ఆపరేషన్లను గమనించే కమిటీలు ఉండాలంది. 2023 ఏప్రిల్ 5న సుప్రీం కోర్టు ఆ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కాబట్టి ప్రశ్న అడగడం మన హక్కు. డాక్టరును అవమానించినట్టు కాదు.

మన సంఘాలకు మా విన్నపం

ఆపరేషన్ కోసం అప్పు అడిగిన చెల్లికి అప్పు ఆపమని మేము అనడం లేదు. ఆపితే ఆమె వడ్డీవాడి దగ్గరికి వెళ్తుంది. అప్పు తీర్మానం రాసే ముందు ఆమెను కూర్చోబెట్టి ఈ అయిదు అడగండి.

ఒకటి, జబ్బు పేరేంటి? కాగితం మీద రాయించుకున్నావా? సంచి వాచింది, పుండు పడింది అంటే జబ్బు పేరు కాదు.

రెండు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు, స్కానింగు చేశారా? రక్తం తక్కువుంటే ముందు అది పెంచాలి.

మూడు, మందులతో తగ్గుతుందా, ఎన్ని నెలలు చూడొచ్చు అని అడిగావా?

నాలుగు, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు? తీసిన భాగాన్ని పరీక్షకు పంపి రిపోర్టు ఇస్తారా?

అయిదు, రెండో డాక్టరుకు చూపించావా? బందరు పెద్దాసుపత్రి, గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం, ఆగని రక్తం ఉంటే ఆ రోజే వెళ్లాలి. మిగతావాటికి ఒక వారం ఆగితే మునిగిపోయేది లేదు.

అవసరమైతే సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లండి. బ్యాంకుకు ఇద్దరం వెళ్తాం కదా, డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే ఎందుకు పంపాలి? ఇద్దరుంటే చెప్పింది గుర్తుంటుంది, అడగడానికి ధైర్యం ఉంటుంది.

ఇప్పటికే ఆపరేషన్ అయిన అక్కలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీరేదో తప్పు చేశారని మేము అనడం లేదు. చెప్పినవాళ్లను నమ్మి చేయించుకున్నారు. మీకు చెప్పేది వేరే. మీ డిశ్చార్జి కాగితం వెతికి అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసుకోండి. 45 లోపే తీసేసి ఉంటే, హార్మోన్ మాత్రలు కొన్నాళ్లు అవసరమా అని ఆడడాక్టరును అడగండి, అందరికీ పడవు కాబట్టి సొంతంగా వద్దు. పాలు, పెరుగు, రాగులు, ముళ్లతో తినే చిన్న చేపలు, మునగాకు తినండి. ఎండలో నడవండి. బీపీ, షుగరు ఏడాదికోసారి చూపించుకోండి. ఊరికే చిన్నగా పడ్డా ఎముక విరిగితే తేలిగ్గా తీసుకోకండి. హార్మోన్లను సరిచేస్తుందని ఇంటికొచ్చి అమ్మే పొడులు, డబ్బాలు కొనకండి. ఏ హార్మోన్ తక్కువో పరీక్ష చేయకుండా సరిచేసే పొడి ఏదీ లేదు.

చివరగా ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. రాబోయే ఏడాది ప్రతి గ్రామ సంఘం నెలకోసారి సమావేశంలో పావుగంట ఆరోగ్యానికి కేటాయించాలి. ఏఎన్ఎం గారినో ఆశ కార్యకర్తనో పిలవాలి. ఆపరేషన్ అప్పు తీర్మానం పక్కన ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు రాయాలి. రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. వచ్చే మహాసభ నాటికి ఆ పుస్తకాలు చూస్తే ఎంతమంది ఆడవాళ్లు మందులతోనే బాగయ్యారో మన లెక్క మనకే తెలుస్తుంది. దీన్ని సభ ఆమోదించాలని కోరుతున్నాం.